భర్త రక్తం కూడా అడగండి: ప్రసూతి వైద్యులకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లోని ప్రసూతి వైద్యులకు,

డాక్టర్ గారూ, నమస్కారం.

మాది ఖమ్మం జిల్లా. మా పాపకు థలసీమియా మేజర్, అంటే ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగ్గా తయారు కాని వంశపారంపర్య రక్తపు జబ్బు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఈ ఉత్తరం జాలి కోసం రాయడం లేదు, విరాళాల కోసం అసలే కాదు. మిమ్మల్ని ఒక పని చేయమని అడగడానికి రాస్తున్నాను. గర్భిణి మొదటిసారి మీ దగ్గరికి వచ్చిన రోజునే సీబీపీతో (మామూలు రక్తకణాల పరీక్షతో) పాటు, ఏ రకం హిమోగ్లోబిన్ ఎంత ఉందో చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష కూడా రాయండి. ఆమె థలసీమియా క్యారియర్ (తనకు జబ్బు లేకపోయినా ఆ లోపం ఉన్న జన్యువును మోసే మనిషి) అని తేలితే ఆ వారంలోనే భర్తను పిలిపించి ఆయన రక్తం కూడా తీయించండి.

ఇది నా బుర్రలో పుట్టిన ఆలోచన కాదు. హిమోగ్లోబిన్ జబ్బుల నివారణ మీద జాతీయ ఆరోగ్య మిషన్ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉన్నదే. మీకు తెలియనిది కూడా కాదు, మీరు ఎండీలో చదువుకున్న పాఠమే. అందరికీ తెలిసిన ఈ పని చాలా ఓపీల్లో ఎందుకు జరగడం లేదన్నదే నా ప్రశ్న.

ప్రభుత్వాన్ని అడగాల్సింది మమ్మల్ని అడుగుతున్నాడేంటి అని మీలో కొందరికి అనిపించవచ్చు. ప్రభుత్వాన్నీ అడుగుతూనే ఉన్నాం. పెళ్లికి ముందే పరీక్ష చేయించుకోవాలని ఏటా మే 8న, ప్రపంచ థలసీమియా దినం రోజు, వేదికల మీద చెబుతూనే ఉన్నారు. మంచి మాటే. కానీ పెళ్లిచూపుల్లో అబ్బాయి రక్తపరీక్ష కాగితం చూపించమని అడిగే ధైర్యం మన దగ్గర ఎంతమంది ఆడపిల్లల తండ్రులకు ఉంది? అడిగితే "మా వాడికేం రోగం?" అంటారు, సంబంధం అక్కడితో సరి. సైప్రస్‌లో ప్రతి ఏడుగురిలో దాదాపు ఒకరు క్యారియరే. అక్కడ 1970ల్లో నివారణ కార్యక్రమం మొదలైంది. ఆ తర్వాత, పెళ్లికి ముందు ఇద్దరూ పరీక్ష చేయించుకున్నట్టు ధ్రువపత్రం తెమ్మని అక్కడి చర్చి కూడా అడగడం మొదలుపెట్టింది. ఫలితం ఏదైనా పెళ్లి ఆపదు, తెలుసుకుని చేసుకోమంటుంది, అంతే. 1980ల చివరికల్లా ఆ దేశంలో కొత్తగా థలసీమియా మేజర్‌తో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు. మనకు అందరూ దాటాల్సిన అలాంటి ఒక్క గుమ్మం లేదు. పెళ్లి గుడిలో చేసుకునేవాళ్లు గుడిలో, ఫంక్షన్ హాల్లో చేసుకునేవాళ్లు అక్కడ, ఎవరి దారి వాళ్లది. భార్యాభర్తలిద్దరూ కలిసి దాటే గుమ్మం మనకు మీ ఓపీ ఒక్కటే. అందుకే మీకు రాస్తున్నాను.

మా సంగతి క్లుప్తంగా చెబుతాను. మా ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు ప్రతి చెకప్‌కూ నేనే తీసుకెళ్లాను. లోపలికి ఆమె వెళ్లేది, నేను బయట కుర్చీలో ఫైలు పట్టుకుని కూర్చునేవాణ్ని. మొదటి పరీక్షలో హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది. "రక్తం తక్కువుందమ్మా, ఐరన్ మాత్రలు వేసుకో, ఆకుకూరలు, ఖర్జూరం తిను" అన్నారు. రెండు నెలలైనా పెరగలేదు. మాత్రలు సరిగ్గా వేసుకోవడం లేదని మా ఆవిడను కోప్పడ్డారు. డోసు పెంచారు. చివరికి ఐరన్ సెలైన్ పెట్టారు. ఆమె ఒక్క మాత్ర కూడా మానలేదు, ఆ సంగతి నాకు తెలుసు.

పాప జబ్బు బయటపడ్డాక పాత ఫైలు తీసి చూశాం. మొట్టమొదటి సీబీపీ కాగితంలోనే ఎమ్‌సీవీ (ఎర్ర రక్తకణం సగటు సైజు) 60 అని ఉంది, పక్కన కిందికి బాణం గుర్తు. ఆర్‌బీసీ (ఎర్ర రక్తకణాల సంఖ్య) 49 లక్షలు, అంటే 4.9 మిలియన్లు. ఎమ్‌సీవీ 80 కన్నా, ఎమ్‌సీహెచ్ (ఒక్కో కణంలో సగటున ఉండే హిమోగ్లోబిన్) 27 కన్నా తక్కువుంటే థలసీమియా ఉందేమో చూడాలట. ఎమ్‌సీవీని ఆర్‌బీసీతో భాగిస్తే 13 కన్నా తక్కువ వస్తే ఆ అనుమానం ఇంకా గట్టిపడుతుందట. ఇవన్నీ ఇప్పుడు నాకు నోటికి వచ్చు, మా పాపను చూసే హెమటాలజీ డాక్టర్ గారు ఓపిగ్గా చెప్పారు. 60ని 4.9తో భాగిస్తే 12.2. లెక్క ఒక్కటే చాలదని, ఖాయం చేయాల్సింది హెచ్‌పీఎల్‌సీయేనని కూడా ఆయనే చెప్పారు. కానీ ఆ హెచ్‌పీఎల్‌సీ రాయాలన్న ఆలోచన రావడానికి ఆ కాగితం చాలు. యంత్రం తన పని తాను చేసి బాణం గుర్తు వేసింది. చూసినవాళ్లు హిమోగ్లోబిన్ గడి దగ్గరే ఆగిపోయారు.

ఆ ఆస్పత్రి పేరు రాయను. దాని మీద కేసు వేసే ఉద్దేశం లేదు. అదే ఊళ్లో వేరే ఆస్పత్రికి వెళ్లి ఉంటే ఇంకోలా జరిగేదన్న నమ్మకం నాకు లేదు కాబట్టే ఇది అందరికీ రాస్తున్నాను.

మా ఆవిడది నెగెటివ్ గ్రూపు అయి ఉంటే నన్ను ఆ రోజే లోపలికి పిలిచి నా గ్రూపు చూసేవారు. ఆమెకు హెచ్‌ఐవీ పాజిటివ్ వచ్చి ఉంటే నన్ను వదిలిపెట్టేవారే కాదు. అంటే అవసరమైతే భర్తను పిలవడం మీకు అలవాటున్న పనే. ఆ జాబితాలో ఇంకొక్క కారణం చేర్చమంటున్నాను.

ఇక "మేనరికమా?" అన్న ప్రశ్న గురించి. మమ్మల్నీ అడిగారు. "కాదండీ" అన్నాం. "అయితే భయం లేదు" అన్నారు. ఆ భరోసాతోనే వంశపారంపర్య జబ్బుల ఊసు మా ఫైల్లోంచి వెళ్లిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో జరిగే పెళ్లిళ్లలో దాదాపు నాలుగో వంతు దగ్గరి చుట్టాల మధ్యేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది కాబట్టి ఆ ప్రశ్న అడగాల్సిందే, కాదనను. మేనరికంలో ఒకే లోపం ఉన్న జన్యువు ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం పెరుగుతుంది. కానీ దేశంలో నూటికి ముగ్గురు, నలుగురు బీటా థలసీమియా (మా పాపది ఈ రకమే) క్యారియర్లు. ముక్కూమొహం తెలియని ఇద్దరు క్యారియర్లు పెళ్లి చేసుకోవడానికి చుట్టరికం అక్కర్లేదు. మా ఆవిడ వాళ్లది కృష్ణా జిల్లా. పెళ్లి కుదరకముందు మా రెండు కుటుంబాలకూ ముఖపరిచయం కూడా లేదు. మేనరికం కాదన్న జవాబును మీరు పరీక్ష అక్కర్లేదన్న జవాబుగా తీసుకుంటే మాలాంటి వాళ్లందరం జారిపోతాం.

టిఫా స్కాన్ మీద ఉన్న నమ్మకం కూడా అలాంటిదే. ఐదో నెలలో టిఫా బాగుందంటే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. 2022లో తెలంగాణ ప్రభుత్వ ఆస్పత్రుల్లో కూడా టిఫా యంత్రాలు పెట్టారు, సంతోషం. కానీ గుండె, వెన్నెముక, కిడ్నీలు చూపించే ఆ స్కాన్‌లో బీటా థలసీమియా కనబడదు. డబుల్ మార్కర్ రక్తపరీక్ష చూసేది డౌన్ సిండ్రోమ్ లాంటి క్రోమోజోమ్ తేడాల అవకాశాన్ని. అందులోనూ ఇది తెలియదు. కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఏ లోటూ లేకుండా ఉంటుంది, ఎందుకంటే అప్పుడు పనిచేసేది పిండంలో ఉండే వేరే రకం హిమోగ్లోబిన్. పుట్టాక కొన్ని నెలలకు అది తగ్గి పెద్దవాళ్ల హిమోగ్లోబిన్ రావాలి. వీళ్లకు అది తయారు కాదు. అందుకే ఆరో నెల దాటాక బిడ్డ పాలిపోవడం మొదలవుతుంది. పాలు తాగదు, నీరసంగా పడుకుంటుంది, పొట్ట ఉబ్బుతుంది. మాకు "పళ్లొస్తున్నాయి" అన్నారు, తర్వాత "నులిపురుగులు" అన్నారు, తర్వాత టానిక్ రాశారు. పిల్లల డాక్టర్లు కూడా ఇది చదువుతుంటే వాళ్లకో మాట: బాగా పాలిపోయిన పసిబిడ్డ వస్తే, ప్రాణం మీదికి రానంతవరకు, రక్తం ఎక్కించకముందే హెచ్‌పీఎల్‌సీకి శాంపిల్ తీసి పక్కన పెట్టండి. ఎక్కించాక తీస్తే దాతల హిమోగ్లోబిన్ కలిసిపోయి ఏమీ తేలక నెలలు పోతాయి.

రోజులెలా గడుస్తాయో కొంచెం చెప్పాలి. రక్తం ఎక్కిస్తే అయిపోతుంది కదా అని చాలామంది అనుకుంటారు. ఒక్కో యూనిట్ రక్తంతో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఒంట్లోకి వెళ్తుంది. ఒంట్లోంచి సహజంగా బయటికి పోయేది రోజుకు ఒక మిల్లీగ్రాము. మిగిలినదంతా కాలేయంలో, గుండెలో, గ్రంథుల్లో పేరుకుంటుంది. దాన్ని బయటికి తీయడానికి రోజూ మందు వేయాలి, పెద్దయ్యేదాకానూ, పెద్దయ్యాకానూ. వేయకపోతే ఎదుగుదల ఆగిపోవచ్చు, షుగర్ రావచ్చు, గుండె దెబ్బతినవచ్చు. ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిన్ అన్న పదం మా ఇంట్లో ఇప్పుడు పాలు, కూరగాయల ధర అంత మామూలు మాట. మా ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు ఐరన్ ఎక్కించడానికి పరుగులు పెట్టిన ఇంట్లోనే ఇప్పుడు ఐరన్ ఎలా తీయాలా అని తంటాలు పడుతున్నాం.

ఎండాకాలం వచ్చిందంటే టెన్షన్. కాలేజీలకు సెలవులిస్తారు, రక్తదాన శిబిరాలు తగ్గుతాయి, పాపకు తేదీ దగ్గరపడుతుంది, బ్లడ్ బ్యాంకులో ఆ గ్రూపు ఉండదు. థలసీమియా పిల్లలకు ఛార్జీ లేకుండా, బదులు రక్తం అడగకుండా ఇవ్వాలని నియమం ఉంది. అది కౌంటర్‌లో కూర్చున్న అబ్బాయికి కూడా తెలిసి ఉండాలి కదా. ఒక రోజు ఆలస్యమైతే పాప స్కూల్లో బల్ల మీద తల వాల్చేస్తుంది. హైదరాబాద్ శివరాంపల్లిలో, పోలీసు అకాడమీ ఎదురుగా, 1998లో మొదలైన థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఉంది. అక్కడికి వెళ్తే హాలు నిండా పిల్లలు, ఒక చేతికి సూది, ఇంకో చేతిలో ఫోన్. మీలో ప్రాక్టీసు మొదలుపెట్టే యువ డాక్టర్లు ఒక్కసారి వెళ్లి ఆ తల్లులను వాళ్ల గర్భిణి ఫైళ్లు చూపించమని అడగండి. మా ఫైల్లో కనబడిన బాణం గుర్తు ఇంకెన్ని ఫైళ్లలో ఉందో చూడండి.

పూర్తిగా నయం కావాలంటే ఎముక మజ్జ మార్పిడి. తోబుట్టువుతో మజ్జ కలిసే అవకాశం నాలుగింట ఒకటి. ఖర్చు లక్షల్లో. 2017 నుంచి కోల్ ఇండియా డబ్బుతో నడుస్తున్న పథకం కింద అర్హులకు 10 లక్షల దాకా సాయం వస్తోంది. 2023, 24ల్లో బ్రిటన్, అమెరికా అనుమతించిన జన్యు చికిత్స ధర 22 లక్షల డాలర్లు, అది మా ఊహకు కూడా అందదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో థలసీమియాను చేర్చారు, ఆంధ్రప్రదేశ్‌లో ఈ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. ఇవన్నీ జబ్బు వచ్చాక చేసేవి. రాకముందు చేయగలిగింది ఒక్కటే, అది మీ ప్రిస్క్రిప్షన్ పుస్తకంలో ఉంది.

ఇప్పుడు మీ ఇబ్బందులకు వద్దాం. ఓపీలో రద్దీ నాకు తెలుసు, గంటల తరబడి అక్కడే కూర్చున్నవాణ్ని. వెయ్యి మంది గర్భిణులకు పరీక్ష చేస్తే మామూలు లెక్కలో క్యారియర్లు తేలేది 30, 40 మంది. మీరు పిలవాల్సిన భర్తలు అంతమందే. వాళ్లలో ఇద్దరూ క్యారియర్లయిన జంట సుమారు ఒకటి. సొంత కులంలోనే, సొంత చుట్టాల్లోనే పెళ్లిళ్లు జరిగే చోట ఇంకొంచెం ఎక్కువ ఉండొచ్చు. వెయ్యి మందిలో ఒక జంటకు మీరు ప్రత్యేకంగా ఒక గంట కేటాయించాలి. ఇది మోయలేని భారమంటే నేను ఒప్పుకోను. పరీక్ష ఖర్చంటారా, టిఫాకు, డబుల్ మార్కర్‌కు వేలు పెట్టే కుటుంబం దీనికి వెనకాడదు. పేదవాళ్ల విషయంలో తెలంగాణ డయాగ్నస్టిక్స్ లాంటి ఉచిత ల్యాబులు ఉన్నాయి. హెచ్‌పీఎల్‌సీ అందుబాటులో లేని చోట ముందు వడపోతకు నెస్ట్రాఫ్ట్ పరీక్ష ఉంది, ఒక గాజు గొట్టం, కొంచెం ద్రావణం చాలు, కంటితో చూసి చెప్పవచ్చు.

"ముందు ఐరన్ ఇచ్చి చూద్దాం, పెరగకపోతే అప్పుడు రాద్దాం" అనే పద్ధతి మాత్రం దయచేసి గర్భిణుల విషయంలో వద్దు. ఆ ఎదురుచూపులోనే మా మూడు నెలలు కరిగిపోయాయి. ఎందుకింత తొందరో మీకు తెలుసు, చదివే తల్లిదండ్రుల కోసం చెబుతాను. ఇద్దరూ క్యారియర్లని తేలాక, ఇద్దరిలోనూ ఏ మ్యూటేషన్ (జన్యువులో మార్పు) ఉందో డీఎన్ఏ పరీక్షలో ముందు కనిపెట్టాలి. అది తెలిశాకే కడుపులో బిడ్డకు పరీక్ష. 11, 12 వారాల్లో మావి నుంచి చిన్న ముక్క తీసి చూస్తారు. అది దాటితే 16 వారాల తర్వాత ఉమ్మనీరు తీస్తారు. హైదరాబాద్‌లో నిమ్స్ ఆస్పత్రి జెనెటిక్స్ విభాగం, సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరీక్షల సంస్థ ఈ పని చేస్తున్నాయి. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కూడా హిమోగ్లోబిన్ జబ్బుల కోసం గుర్తింపు ఉన్న కేంద్రాల్లో ఈ పరీక్షను అనుమతిస్తుంది, కాబట్టి ఆ పేరు చెప్పి భయపడక్కర్లేదు. కానీ వారాలు లెక్క. ఎనిమిదో వారంలో వచ్చిన అమ్మాయికి ఇరవయ్యో వారంలో పరీక్ష రాస్తే ఆ జంటకు ఆలోచించుకునే తీరిక కూడా ఉండదు. ఐదో నెలలో మొదటిసారి వచ్చేవాళ్లు ఉంటారు, వాళ్లకు భార్యాభర్తలిద్దరి రక్తం ఒకేసారి తీయండి.

ఏజెన్సీలో పనిచేసే డాక్టర్లకు ఇంకో మనవి. 2023 జులైలో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) నిర్మూలన మిషన్ మొదలయ్యాక పాడేరు, భద్రాచలం, ఆదిలాబాద్ వైపు పరీక్షలు జరుగుతున్నాయి. చాలా మంచి పని. అయితే అక్కడ ముందు వాడే సాల్యుబిలిటీ పరీక్షలో సికిల్ మాత్రమే తెలుస్తుంది, బీటా థలసీమియా క్యారియర్ తెలియదు. భార్య సికిల్ క్యారియర్, భర్త థలసీమియా క్యారియర్ అయినా బిడ్డకు రెండూ కలిసిన సికిల్-బీటా థలసీమియా అనే జబ్బు రావచ్చు. భర్తకు "సికిల్ నెగెటివ్" కార్డు ఉందని ఊరుకోకండి.

ఫలితం చెప్పే తీరు గురించి కూడా రాయాలి, ఎందుకంటే మా ఇంట్లో ఎక్కువ గాయం అక్కడే తగిలింది. పాప జబ్బు తెలిసిన కొత్తలో "కోడలి రక్తంలో దోషం ఉంది" అని మా వైపు పెద్దలు తేల్చేశారు. నాకూ పరీక్ష చేసి నేనూ క్యారియర్‌నేనని కాగితం వచ్చాక కూడా "మగాడికి వస్తే ఏమవుతుందిలే" అన్నారు. మా మరదలికి కుదిరిన సంబంధం ఆగిపోయింది. అందుకే ఆమెను ఒక్కదాన్నే కూర్చోబెట్టి "నీకు థలసీమియా ఉందమ్మా" అని చెప్పకండి. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టండి, వీలైతే అత్తగారిని కూడా. క్యారియర్ అంటే జబ్బు కాదని, ఇద్దరి దగ్గర నుంచీ వస్తేనే బిడ్డకు మేజర్ వస్తుందని, ప్రతి కాన్పులోనూ అవకాశం నాలుగింట ఒకటని చెప్పండి. ఆ నాలుగింట ఒకటి మాటను మావాళ్లు ఎలా అర్థం చేసుకున్నారో తెలుసా? మొదటి బిడ్డకు వచ్చేసింది కాబట్టి మిగతా ముగ్గురికీ రాదని! అలా నమ్మి పరీక్ష లేకుండా రెండో బిడ్డను కని, ఆ బిడ్డనూ పక్క మంచం మీద పడుకోబెట్టుకున్న తల్లిని ట్రాన్స్‌ఫ్యూజన్ వార్డులో చూశాను.

చివరగా, కొందరు నన్ను నేరుగానే అడిగారు: "అంటే మీ పాప పుట్టకుండా ఉండాల్సిందంటావా?" ఈ ప్రశ్నకు నా దగ్గర చక్కని జవాబు లేదు. మా పాప లేని ఇల్లు నేను ఊహించలేను. రక్తం ఎక్కించిన మర్నాడు అది చేసే అల్లరి చూడాలి. అప్పుడే తెలిసి ఉంటే మేం ఏం నిర్ణయం తీసుకునేవాళ్లమో నాకు తెలియదు, మా ఆవిడకూ తెలియదు, ఆ విషయం మీద మేమిద్దరం ఇప్పటికీ ఒక మాట మీదికి రాలేదు. కానీ ఆ నిర్ణయం తీసుకోవాల్సింది మేం. కనాలనే నిర్ణయించుకుని ఉన్నా, పాప పుట్టిన మొదటి నెల నుంచే సిద్ధంగా ఉండేవాళ్లం. నులిపురుగుల మందుతో, టానిక్కులతో నెలలు పోయేవి కావు, అంత పాలిపోయేదాకా బిడ్డను తిప్పేవాళ్లం కాదు. పరీక్ష రాయమంటే గర్భస్రావం చేయమని కాదు. తెలుసుకునే అవకాశం ఇవ్వమని.

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకు ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రత్యేక చెకప్ ఉంటుంది. ఆ రోజు భర్తలు కూడా చాలామంది వస్తారు, బయట చెట్టు కింద బైకుల మీద కూర్చుని ఉంటారు. అక్కడి నుంచి మొదలుపెట్టండి. ప్రైవేటులో ఉన్నవారు మీ ఏఎన్‌సీ (గర్భిణి చెకప్) కార్డు మీద బ్లడ్ గ్రూపు, హెచ్‌ఐవీ, షుగర్ గడుల పక్కన ఇంకో రెండు గడులు గీయండి: "హెచ్‌బీఏ2" (హెచ్‌పీఎల్‌సీలో క్యారియర్‌ను పట్టిచ్చే హిమోగ్లోబిన్ రకం), "భర్త హెచ్‌బీఏ2". గడి ఖాళీగా కనబడితే నర్సమ్మ అయినా అడుగుతుంది. వివరించి చెప్పడానికి మనుషులు చాలకపోతే మాలాంటి తల్లిదండ్రులను పిలవండి. తెలుగులో, మామూలు మాటల్లో, ఓపీ బయట నిలబడి చెప్పడానికి మాలో చాలామంది సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
ఒక థలసీమియా పాప తండ్రి,
ఖమ్మం జిల్లా